హీరో ఏ చేత్తో రాశాడు

మా ఊళ్ళో సినిమా హాలు చరిత్ర రాసిపెట్టమని అడిగితే, రెండు పేజీల పనే కదా అని ఒప్పుకున్నాను. అడిగింది ఆ హాలు కట్టినాయన మనవడు. హాలు మూతపడి చాలా ఏళ్ళయింది. మధ్యలో కొన్నాళ్ళు చేపల మేత బస్తాలకి గోడౌనుగా వాడారు. ఇప్పుడు దాన్ని ఫంక్షన్ హాలు చేస్తున్నారు. గుమ్మం దాటగానే గోడ మీద పాత ఫొటోలు, పక్కన ఫ్రేము కట్టిన చరిత్ర ఉండాలని ఆ అబ్బాయి ముచ్చట. "మీరైతే టీచరుగారు కదండీ, తప్పుల్లేకుండా రాస్తారు" అన్నాడు. పొగిడితే నేను ఇట్టే పడిపోతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ బలహీనత ఉండేది. రిటైరయ్యాక ఇంకా ముదిరింది.

తీరా కాగితం ముందు కూచుంటే తెలిసింది. నలుగుర్ని అడిగితే నాలుగు కథలు. మొదటి బొమ్మ ఏదో ఒకరికీ ఒకరికీ పొంతన లేదు. హాలు ఎప్పుడు కట్టారని అడిగితే "మా పెద్దోడు పాకే రోజుల్లో" అంటారు. ఆ పెద్దోడికి ఇప్పుడు మనవలున్నారు. నాకసలే ముక్కు మీద కోపం. ఇలా కాదని, నాకు కచ్చితంగా తెలిసిన సంగతితోనే మొదలుపెట్టాను. అది తెర వెనక బెంచీల సంగతి.

మాది కొల్లేటి గట్టు మీద ఊరు. భీమడోలులో రైలు దిగి బస్సెక్కితే, చివరి స్టాపు హాలు ముందే. ఆ హాలుకి ఒక పేరుండేది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ అది గట్టు హాలే. నా చిన్నప్పుడది తాటాకుల పాక. ముందు రోడ్డు, వెనక కొల్లేరు, మధ్యలో ఉన్న సన్నటి మెరక మీద పొడుగ్గా వేశారు. తెరని చివర కట్టకుండా నడిమధ్య కట్టారు. రోడ్డు వైపు మగవాళ్ళ నేల, బెంచీలు, నాలుగు వరసల కుర్చీలు. తెరకి అవతల, కొల్లేటి వైపు, ఆడవాళ్ళ బెంచీలు. అంటే ఆడవాళ్ళు బొమ్మని తెర వెనక నుంచి చూసేవారు.

ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు. కానీ మా ఆడవాళ్ళకి అదే హాయి. చుట్టల కంపు ఉండదు, మగాళ్ళ చూపులుండవు, వెనకనుంచి చల్లటి గాలి. లంకల్లో వాళ్ళు తాటి దోనెల మీద వచ్చి, దోనె గుంజకి కట్టేసి, పిల్లని చంకనేసుకుని నేరుగా బెంచీల మీదకి వచ్చేసేవారు. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు మనుషులు కొల్లేటి నీళ్ళు తెచ్చి తెర మీద చల్లేవారు. గుడ్డ తడిస్తే బొమ్మ వెనక్కి బాగా దిగుతుంది.

బొమ్మ దిగేది గానీ, అటుది ఇటు అయ్యేది. అక్షరాలు తిరగబడేవి. అప్పట్లో మా ఊరి ఆడవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. ఆ కొద్దిమందీ మొగుళ్ళతో కుర్చీల్లో కూచునేవారు. మిగతావాళ్ళకి అక్షరం తిన్నగా ఉన్నా, తిరగబడ్డా ఒకటే. మనిషి మాత్రం మనిషిలాగే కనపడతాడు కదా! ఏ చెయ్యి ఏదో ఎవరు పట్టించుకుంటారు? పట్టించుకున్నది మా అమ్మ ఒక్కతే. దానికి కారణం నేను.

నాది పుర్రచెయ్యి. పలక మీద ఎడం చేత్తో రాసేదాన్ని. అన్నంలోకి ఎడం చెయ్యే వెళ్ళేది. ఎవరికి ఏం అందించాలన్నా ముందు అదే లేచేది. మా నాయనమ్మకి అది చూస్తే ఒళ్ళు మండేది. "ఏవిటే ఆ చెయ్యి! రేపు అత్తారింట్లో ఎడం చేత్తో వడ్డిస్తే, నీ మొహం చూసి ఊరుకుంటారా, నా మొహాన ఉమ్మేస్తారా?" అనేది. చెప్పి చెప్పి విసిగిపోయి, నాకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు మా నాన్నని పిలిచింది. "ఒరేయ్, ఆ చెయ్యి కట్టెయ్యి. నెల్లాళ్ళు కడితే దానంతటదే దారికొస్తుంది" అంది.

నాన్న తల్లి మాటకి ఎదురు చెప్పి ఎరగడు. ఊళ్ళో పెద్దరైతే, పదిమందిలో మాట చెల్లే మనిషే. గుమ్మం దాటి లోపలికొచ్చాడంటే మాత్రం ఆవిడ కొడుకు, అంతే. పాత పంచె చింపి, నా ఎడం చెయ్యి మడిచి నడుముకి కట్టాడు. ముడి వేస్తున్నంతసేపూ నా మొహం చూడలేదు. అది నాకు బాగా గుర్తు. చాలా ఏళ్ళ దాకా ఆ గుర్తు నన్ను సలుపుతూనే ఉండేది.

పొద్దున్న లేవగానే కట్టేవారు, పడుకునే ముందు విప్పేవారు. కుడి చేత్తో అన్నం తింటే సగం ఒళ్ళో పడేది. పలక మీద 'అ' రాయబోతే బలపం ఎటో పోయేది. బళ్ళో పిల్లలు నన్ను చూసి ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని ఆడేవారు. నాలుగో రోజుకి బడికి వెళ్ళనని గుంజ పట్టుకుని కూచున్నాను. అన్నం కూడా వద్దన్నాను. అమ్మ ఏమీ అనలేక లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకునేది. అత్తగారి ఎదట నోట్లో నాలుక లేని మనిషి మా అమ్మ.

అలాంటి మా అమ్మ నోరు విప్పింది. ఆ వారం గట్టు హాల్లో ఆడుతున్న బొమ్మకి పక్కింటి వాళ్ళతో కలిసి వెళ్ళొచ్చింది. మర్నాడు అందరూ భోజనాలు చేస్తుండగా, వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని, "ఏవండీ, ఆ బొమ్మలో ఆయన ఉత్తరం రాస్తాడు చూశారా? ఎడం చేత్తో రాశాడండీ. అన్నం కూడా ఎడం చేత్తోనే తిన్నాడు. అంత గొప్పాయనకి అంటని దరిద్రం నా కూతురికి ఎక్కణ్ణించి అంటుకుందండీ?" అంది.

మా నాయనమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. ఆ హీరో అంటే ఆవిడకీ ప్రాణం. ఆయన బొమ్మున్న క్యాలెండరు ఏడాది అయిపోయినా తియ్యనిచ్చేది కాదు. "నిజవేంట్రా?" అని నాన్నని అడిగింది.

నాన్న ఆ బొమ్మ అంతకు రెండ్రోజుల ముందే చూశాడు. "అబ్బే, కుడి చెయ్యేనమ్మా" అన్నాడు.

"నా కళ్ళారా చూశానండీ!" అంది అమ్మ.

"మరి నావేంటీ, గాజు కళ్ళా?"

ఇంక చూడండి! రెండు రోజులు మా ఇంట్లో వేరే మాట లేదు. ఎడం అంటే కుడి, కుడి అంటే ఎడం. ఎప్పుడూ గొంతు పెంచని అమ్మ, పశువుల పాకలో కూడా "ఎడం చెయ్యేనండీ" అని వినపడేలా అనేది. నాయనమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. "గురువారంతో ఆ బొమ్మ పోతుంది. ఈలోపు ఇద్దరూ వెళ్ళి, ఒక్కచోట కూచుని చూసి రండి. ఎడం చెయ్యి అయితే ఈ కట్టు నేనే విప్పేస్తాను. కుడి చెయ్యి అయిందా, ఇదిగో కోడలా, ఈ పిల్ల చెయ్యి ఊసు మళ్ళీ నువ్వెత్తకూడదు." అని, నాన్న వైపు తిరిగి, "నువ్వు చూసింది చూసినట్టు చెప్పాలి నాకు" అంది.

ఆ మాట అననక్కర్లేదు కూడా. నాన్న అబద్ధం ఆడలేడు. గేదెని అమ్ముతూ, అది తంతుందని కొనేవాడికి ముందుగా చెప్పే మనిషి. నాయనమ్మకి ఆ ధైర్యం ఉండబట్టే తీర్పు అలా ఇచ్చింది. నాకూ తెలుసు. నా చెయ్యి ఇంక ఆ హీరో చేతిలో ఉంది.

గురువారం మొదటి ఆటకి వెళ్ళాం. అమ్మ ముందు వైపు కుర్చీల్లో కూచోవడం అదే మొదటిసారి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుర్చీ అంచు మీద కూచుంది. నేను అమ్మ ఒళ్ళో, కట్టిన చెయ్యితోనే. నాన్న పక్క కుర్చీలో. విశ్రాంతి అయింది. గుండెలు దడదడలాడుతున్నాయి, నావో అమ్మవో తెలీదు. ఉత్తరం ఘట్టం ఉన్న రీలు మొదలయింది.

మొదలవుతూనే మాట పోయింది. గుర్రుమని ఒకటే మోత. నేల క్లాసు మొత్తం లేచి ఈలలు, కేకలు. "ఒరేయ్, సౌండ్రా!" అని ఎవరో చెప్పు విసిరారు. తెర అవతల ఆడవాళ్ళ గోల కూడా వినపడుతోంది. ఆ గోలలో తెర మీద హీరో బల్ల దగ్గర కూచున్నాడు. కాగితం తీశాడు. కలం పట్టుకున్నాడు.

ఎడం చేత్తో!

"చూశారా? చూశారా అండీ?" అని అమ్మ నా భుజం నొప్పెట్టేలా పట్టుకుంది. నాన్న "ఊఁ" అన్నాడు. ఆ రీలు అయిపోగానే మాట మళ్ళీ వచ్చింది, జనం సర్దుకున్నారు. నాకు మిగతా బొమ్మ ఏమీ గుర్తు లేదు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద కూచుని ఉంది. నాన్న కాళ్ళు కడుక్కుని, "ఎడం చేత్తోనే రాశాడమ్మా. నేను చూశాను" అన్నాడు. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుంది. ముడి బిగుసుకుపోతే పంటితో లాగి విప్పింది. "అన్నం మాత్రం కుడి చేత్తోనే తినవే, నా తల్లివి గదూ" అని బతిమాలింది. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. అన్నం కుడి చేత్తో తింటాను, రాత ఎడం చేత్తో రాస్తాను.

మర్నాడు ఊళ్ళో పెద్ద తమాషా అయింది. ముందు రోజు తెర వెనక కూచున్న ఆడవాళ్ళు, "కుడి చేత్తోనే రాశాడమ్మా, మీ ఆయన మాటే నిజం" అని రేవులో మా అమ్మతో వాదన. ముందు కూచున్న మగాళ్ళేమో "ఎడమే" అని ఒట్లు. వారమంతా కుడి అన్నవాళ్ళు ఎడం అన్నారు, ఎడం అన్నవాళ్ళు కుడి అన్నారు. మా నాయనమ్మ మాత్రం "నా కొడుకు అబద్ధం చెప్పడు" అని ఆ సంగతి అక్కడితో కట్టేసింది.

తరవాత పాక పోయి గోడలు లేచాయి, రేకులు పడ్డాయి. తెర ఆ చివరకి పోయింది. ఆడవాళ్ళకి ముందు వైపే ఓ పక్క కేటాయించారు. దోనెలు కట్టే గుంజలు కూడా తీసేశారు. నేను టీచరు ట్రైనింగుకి ఏలూరు వెళ్ళినప్పుడు, అదే బొమ్మ మళ్ళీ వస్తే స్నేహితురాళ్ళతో వెళ్ళాను. హీరో శుభ్రంగా కుడి చేత్తో రాశాడు. హాల్లోనే పైకి నవ్వేశాను. తెర వెనక అమ్మకి ఎడం ఎందుకు కనపడిందో అప్పుడర్థమైంది. ఇంక ఆ గురువారం సంగతంటారా, ఆపరేటరు నిద్రమత్తులో రీలు తిరగేసి ఎక్కించి ఉంటాడని తేల్చుకున్నాను.

చింతలపూడిలో, తాడేపల్లిగూడెంలో, ఇంకా ఎన్నో ఊళ్ళలో పనిచేశాను. ఎక్కడికెళ్ళినా మొదటి రోజు బోర్డు మీద ఎడం చేత్తో రాయగానే వెనక బెంచీల్లో కిసకిసలు. ఏవిట్రా ఆ నవ్వు అని ఒక్క కేక వేసి, తరవాత ఈ కథ చెప్పేదాన్ని. "ఓ ఆపరేటరుగారి నిద్రమత్తు పుణ్యవర్రా నా చేతిరాత" అని ముగించేదాన్ని. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆ కథలో నాన్న చెయ్యి కట్టినవాడు, అంతే. ఆయన పోయి చాలా ఏళ్ళయినా, నా మొహం చూడకుండా ముడేసిన నాన్న మీద ఓ మూల కోపం అలాగే ఉండిపోయింది.

ఈ చరిత్ర పని మీదే ఆ ఆపరేటరుగారు ఇంకా ఉన్నారని తెలిసింది. ఏలూరు పక్కన వట్లూరులో, కూతురి దగ్గర. కమలాలు, బిస్కట్లు పట్టుకుని వెళ్ళాను. ఎనభై దాటినా మనిషి నిటారుగా ఉన్నారు. హాలు సంగతులన్నీ చెప్పించుకుని, చివర్లో, "మీకు నేను చాలా రుణపడి ఉన్నానండీ. మీరు ఓ రోజు నిద్రమత్తులో రీలు తిరగేశారు, దాంతో నా చెయ్యి బతికింది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీరు ఫలానా వారి అమ్మాయా అండీ?" అని నాన్న పేరు చెప్పారు. అవునన్నాను. "నిద్రేంటండీ, మొదటి ఆటకి నిద్రేంటీ? తెలిసే ఎక్కించానండీ. మీ నాన్నగారు అడిగారు" అన్నారు.

ఆయన చెప్పుకుపోయారు.

"ముందు రోజు మధ్యాహ్నం తెర తడిపి బొమ్మ సరి చూసుకుంటున్నానండీ. మీ నాన్నగారొచ్చి ఉత్తరం రాసే రీలు వెయ్యమన్నారు. ఇటు నించుని చూశారు. తెర వెనక్కెళ్ళి చూశారు. మళ్ళీ ఇటొచ్చారు. అలా నాలుగైదు సార్లు తిరిగారండీ. తరవాత పైకి నా దగ్గరికొచ్చి, 'మా ఆవిడ అబద్ధం చెప్పదండీ. మరి అలా ఎలా కనపడిందా అని వచ్చాను. రేపు ఆ వెనక బొమ్మ ముందుకి కనపడాలంటే కుదురుతుందా అండీ?' అన్నారు. ఫిల్ము తిరగేసి ఎక్కిస్తే కనపడుద్దండీ, కాకపోతే బొమ్మ పక్కన సన్నటి గీతలా ఉండేదే మాట, అది అవతలకి పోద్ది, మాట రాదండీ అన్నాను. 'మాట రాకపోయినా పర్లేదండీ, చెయ్యి కనపడితే చాలు' అన్నారు."

"మీరెలా ఒప్పుకున్నారండీ?"

"'పిల్ల చెయ్యి నా చేతుల్తో నేనే కట్టానండీ. అన్నం తినట్లేదు. విప్పమని మా అమ్మతో చెప్పలేను. కనపడంది కనపడిందని చెప్పలేను' అని, అంత మనిషీ గోడ వైపు తిరిగి ఏడ్చారండీ. ఇంకేం అంటాను? మేనేజరు నన్ను వారం రోజులు పనిలోంచి ఆపేశారు. మీ నాన్నగారు ఇంటికి బియ్యం బస్తా పంపించారు. ఎవరికీ చెప్పనని మాటిచ్చానండీ. ఆయన పోయారు కదా, మీకు చెప్తే తప్పు లేదనుకుంటాను."

బస్సులో వస్తున్నంతసేపూ ఏడుపు ఆగలేదు. పక్క సీటావిడ "ఏవైందండీ?" అని నీళ్ళ సీసా ఇచ్చింది. "మా నాన్న" అన్నాను. అప్పుడే పోయాడనుకుని ఆవిడ కూడా ఏడ్చింది. ఎంత మొండిదాన్ని! మొహం చూడలేదని ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నాను. చూస్తే కట్టలేకపోయేవాడని ఒక్కనాడూ తట్టలేదు నాకు.

అమ్మ ఏలూరులో నా దగ్గరే ఉంటుంది. నేనొచ్చేసరికి పళ్ళెంలో చింతచిగురు పోసుకుని పుల్లలు ఏరుతోంది. చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా కూచుని మొత్తం చెప్పేశాను. తిరగేసిన రీలు, బియ్యం బస్తా, నాన్న ఏడవడం, అన్నీ. అమ్మ అంతా వింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

"ఆపరేటరు సంగతి నాకు తెలీదే. మీ నాన్నగారు ఏదో చేశారని మాత్రం ఆ రోజే తెలుసు" అంది.

"తెలుసా? మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన ఓడిపోదామనుకున్నారు, నేను గెలిచాను. దాంట్లో చెప్పడానికేముంది?"

"అసలు నీకెలా తెలిసిందమ్మా?"

అమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. "పందెం తేల్చుకోడానికొచ్చిన మనిషి తెర వైపు చూడాలి గదే. ఆ హీరో కలం పట్టుకున్నప్పుడు ఒక్కసారి అటు చూశారు, అంతే. మిగతా రీలంతా మీ నాన్నగారు నన్నే చూస్తా కూచున్నారు."